నక్షత్ర పట్టాలో లేని పేజీ

నేను పశుసంవర్ధక శాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. గేదెల టీకాల రిజిస్టరు నా చేతి మీదుగా నడిచేది. గేదెలు అర్జీలు పెట్టవు, అప్పీలుకు వెళ్ళవు కాబట్టి ఉద్యోగం సాఫీగానే సాగింది. అలాంటి నన్ను ఒక సోమవారం ఉన్నపళంగా ‘పురాతన భవిష్యత్ క్రీడల పరిరక్షణ మండలి’కి సూపరింటెండెంటుగా డిప్యుటేషన్ మీద పంపించారు.

పేరు చూసి టైపిస్టు పొరపాటు అనుకున్నాను. కాదట. సదరు ఆట వచ్చి పాతికేళ్ళు దాటింది కాబట్టి పురాతనం. ఆ ఆటలో సంగతులన్నీ రెండువేల తొమ్మిదివందల తొంభై తొమ్మిదో సంవత్సరంలో జరుగుతాయి కాబట్టి భవిష్యత్తు. జీవోలో అంత స్పష్టంగా రాశాక కాదనడానికి మనమెవరం.

ఆట పేరు నక్షత్ర పట్టా. మీలో నలభై దగ్గరపడ్డవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బడుల పక్కన ఫ్యాన్సీ షాపుల్లో దండలు దండలుగా వేలాడేవి, రెండు రూపాయలకు ఐదు ముక్కల ప్యాకెట్లు. మొత్తం నాలుగువందల పన్నెండు రకాల ముక్కలు. వాటితో ఆడటానికి నూట పన్నెండు పేజీల నియమావళి, చీమ తలకాయలంత అక్షరాల్లో. వేరే ఆటల్లో అయితే రాకెట్టెక్కి ఒక గ్రహం మీద దిగితే ఆ గ్రహం మనదైపోతుంది. ఇందులో అలా కుదరదు. దిగడం వేరు, స్వాధీనం వేరు. గ్రహానికి సర్వే నంబరు ఉండాలి. హద్దురాళ్ళు పాతించాలి. పక్క గ్రహంవాళ్ళ సమ్మతి కావాలి. ఉల్కలు పడి నష్టం జరిగితే శిస్తు తగ్గింపుకు వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. లేజర్ తుపాకీ పేల్చడానికి మూడు ప్రతుల్లో ముందస్తు అనుమతి తీసుకోవాలి, అది చేతికొచ్చేలోపు శత్రువు రిటైరైపోతాడు.

అంగారక సర్వేయర్ అని ఒక ముక్క ఉండేది. ఆకుపచ్చ మొహం, నాలుగు చేతులు, నాలుగింటిలోనూ కొలత గొలుసులు. దాన్ని మనం ఎంతో ఆశతో బల్ల మీద వేయగానే ఎదుటివాడు ‘సర్వేయర్ సెలవులో ఉన్నాడు’ అనే ముక్క వేసేవాడు. ఇక వరసగా మన మూడు వంతులూ గోవిందా. అన్నిటికన్నా అరుదైన ముక్క సూర్యుడు. వెయ్యి ప్యాకెట్లు కొంటే ఒకటి తగిలేది. దాని కింద ‘ప్రభుత్వ పోరంబోకు’ అని రాసి ఉండేది.

ఆ ఆట ఎవరూ గెలవలేదు. ఎవరూ ఓడిపోలేదు కూడా. వేసవి సెలవుల మొదటిరోజున కూర్చుంటే, బడి తెరిచేనాటికి శుక్రగ్రహం హద్దుల తగాదా సగంలో ఉండేది. నియమావళి ఆఖరి పేజీ అడుగున ‘గెలుపు విధానము వెనుక పేజీలో చూడుము’ అని ఉంటుంది. పేజీ తిప్పితే ‘శుభలేఖలు, బిల్లు పుస్తకములు, విజిటింగ్ కార్డులు అందముగా అచ్చువేయబడును’ అని ప్రెస్సువారి ప్రకటన. పిల్లలు కాసేపు తలలు గోక్కుని, ఎవరి దగ్గర ముక్కలు ఎక్కువుంటే వాడే మొనగాడని వాళ్ళలో వాళ్ళే తీర్మానించుకున్నారు.

ఆ పిల్లలే పెద్దయి ఆఫీసర్లయ్యారు. అవుతారు మరి, పదేళ్ళ వయసు నుంచే శిక్షణ.

మా ఛైర్మన్ నిడమర్తి శ్రవణ్‌కుమార్ గారికి ఒక ఆదివారం అటక సర్దుతుంటే బూట్ల పెట్టెలో చిన్ననాటి ముక్కలు దొరికాయి. ఫొటో తీసి ఆఫీసర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అరగంటలో అరవైమంది పసుప్పచ్చ బొమ్మలతో కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ రోజులే వేరన్నారు ఒకరు. ఇప్పటి పిల్లలకు ఆ ఓపిక ఏదన్నారు ఇంకొకరు. మా ఊరి వాగు మీద వంతెన కోసం పదహారేళ్ళ కిందట బయల్దేరిన ఫైలు ఇంకా దారిలోనే ఉంది. మండలి పెట్టాలన్న ఈ ఫైలు మాత్రం తొమ్మిది రోజుల్లో గమ్యం చేరింది. గుంటూరులో రెండంతస్తుల భవనం, నలభైమంది సిబ్బంది, ఒక జీపు, ముక్కలు దాచుకోవడానికి ఒక ఇనప్పెట్టె మంజూరయ్యాయి.

మొదటి వారంలోనే ఉత్తర్వు వచ్చింది. “ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయునది ఏమనగా, నక్షత్ర పట్టా యొక్క స్ఫూర్తిని కార్యాలయ నిర్వహణలో అంతర్భాగము గావించవలెనని మండలి సంకల్పించినది.” స్ఫూర్తి అంటే ఏమిటో తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. సెలవు కావాలంటే సెలవు చీటీకి ‘సర్వేయర్ సెలవులో ఉన్నాడు’ ముక్క జతపరచాలి. అలాంటివి ఆఫీసు మొత్తానికి నాలుగే ఉన్నాయి కాబట్టి జ్వరాలు కూడా వంతులవారీగా తెచ్చుకునేవాళ్ళం. కుర్చీ అటూ ఇటూ జరపాలంటే పక్క కుర్చీవాళ్ళ సమ్మతి. కింది నుంచి పైకి కాగితం వెళ్ళాలన్నా, మనిషి వెళ్ళాలన్నా కక్ష్య మార్పు అనుమతి. అది ఇవ్వడానికి మెట్ల దగ్గర ఒక గుమస్తాను కూర్చోబెట్టారు. ఆయన పదవి పేరు గురుత్వాకర్షణ అధికారి. పాపం, అంతకుముందు ఆయన స్టేషనరీ చూసేవాడు.

ఆ పైన ప్రమోషన్లకు ఈ ఆట మీద లెవెల్ వన్ అని ఒక పరీక్ష పెట్టారు. ప్రెస్సువారి ప్రకటన మీద రెండు రోజుల సదస్సు జరిపారు. గెలుపు ఎక్కడని అడిగినవాడికి శుభలేఖ చూపించడంలో గొప్ప తాత్త్వికత ఉందని ఒక ప్రొఫెసరు గంటన్నర మాట్లాడి శాలువా కప్పించుకున్నాడు. నాకైతే ఆ సదస్సులో పెట్టిన గోంగూర పులిహోర తప్ప ఏమీ ఎక్కలేదు.

అసలు వైభవమంతా ప్రారంభోత్సవ ఆటది. పెద్ద హాల్లో గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది అధికారులు రోజూ మూడు గంటలకు కూర్చుంటారు. ఆరున్నరకో ఏడుకో లేస్తారు. నేను చెబుతున్న నాటికి అది పదకొండో నెల. ఇంకా మొదటి ఆటే. ఈలోగా ఇద్దరు రిటైరైతే వాళ్ళ కుర్చీల్లోకి వేరేవాళ్ళొచ్చారు, ఒకాయన కాలం చేశారు. ఆయన చేతిలో మిగిలిన ముప్ఫై ఎనిమిది ముక్కల్నీ కారుణ్య నియామకం కింద ఆయన కూతురికి ఇచ్చారు. ఆ అమ్మాయి బీటెక్ చదివింది. చేరిన మూడోరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, “సార్, ఇది ఎప్పటికి అయిపోద్దండీ?” అని అడిగింది.

“ఇది పర్మనెంటు పోస్టమ్మా,” అన్నాను.

ఆ రోజుల్లో వచ్చారు ఉప్పుటూరి భీమశంకరం గారు. ఎనభై మూడేళ్ళ మనిషి. తెల్ల చొక్కా, పంచె, చంకలో ఒక రేకు పెట్టె. రేపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కారట. బస్సులో ఎంతసేపు పట్టిందో గానీ, గురుత్వాకర్షణ అధికారిని దాటుకుని పైకి రావడానికి గంటంబావు పట్టింది.

“నమస్కారమండీ. ఈ నక్షత్ర పట్టా రాసింది నేనే,” అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. పై అధికారి కానివాడి కోసం లేవడం నా సర్వీసులో అదే మొదలు.

“రెవెన్యూలో డిప్యూటీ తాసీల్దారుగా చేశానండీ,” అంటూ కూర్చున్నారు. “పిల్లలకు ఏదన్నా సైన్సు ఆట రాద్దామని మొదలెట్టా. రాకెట్లు గీశా, గ్రహాలు గీశా. నాకు తెలిసిన సైన్సు అక్కడికి అయిపోయింది. ఇంక మిగతాదంతా మా ఆఫీసులో చూసిందే పెట్టేశా.”

రేకు పెట్టె తెరిచి, పైనున్న కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టారు. అంచులు పసుపెక్కాయి. నల్ల సిరాతో గుండ్రటి చేతిరాత.

“ఇది నూట పదమూడో పేజీ. గెలుపు ఇందులో ఉందండీ.”

తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చు వేయించారట. ఫారానికి, అంటే అచ్చుకెక్కే ఒక్కో పెద్ద కాగితానికి, పదహారు పేజీల చొప్పున ఏడు ఫారాలు. నూట పన్నెండుకు సరిగ్గా సరిపోయింది. ఈ ఒక్క పేజీ కోసం ఎనిమిదో ఫారం ఎక్కించాలి.

“ప్రెస్సాయన ఒప్పుకోలా. ఒక్క పేజీకి ఫారం ఏందయ్యా, పిల్లలు గెలిచేదాకా వస్తారా ఏంది, రెండో ముద్రణలో చూద్దాంలే అన్నాడు.”

“మరి వెనక అట్ట ఉందిగా. ఆయన ప్రకటన బదులు ఈ పేజీ అక్కడ వేయొచ్చుగా,” అన్నాను.

“నేనూ అదే అడిగానండీ. అట్ట మీద నియమాలు వేయటం పద్ధతి కాదన్నాడు. పద్ధతి అనేసరికి నేను నోరు మూసుకున్నా. నేనూ గవర్నమెంటు మనిషినేగా.”

రెండో ముద్రణ రాలేదు. ప్రెస్సు మూతపడింది. రేకు పెట్టె నిండా ఉన్నవి, ప్యాకెట్ల మీద పేరు బదులు ‘తాతగారు’ అని వేసిన చిరునామాకు పిల్లలు రాసిన ఉత్తరాలు. పెన్సిలుతో రాసినవి, కాగితపు నక్షత్రాలు అంటించినవి, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాలు. మూడువందల పైచిలుకు. ఎలా గెలవాలి, ఆట ఎప్పుడు అయిపోతుంది, అన్నిటిలోనూ ఇదే ప్రశ్న.

“రెండో ముద్రణలో ఎటూ వస్తదిగదా అని ఒక్కదానికీ జవాబు రాయలేదండీ,” అన్నారు భీమశంకరం గారు. “అదీ నేను చేసిన పని. ఆఫీసులో కూడా అంతేగా, పైనుంచి వచ్చేదాకా జవాబియ్యం. ఆ పిల్లలందర్నీ ఆట మధ్యలో కూర్చోబెట్టి నేను లేచొచ్చేసినట్టు ఉంటది. నాకింక ఎన్నాళ్ళో లేదు. ఒక్క ఆట, ఎవరు ఆడినా సరే, అయిపోవటం చూడాలండీ. సన్మానాలు గిన్మానాలు ఏం అక్కర్లేదు.”

నాకు ఆ మనిషి మీద ఎక్కడలేని ఇష్టం కలిగింది. కాగితానికి నంబరు వేసి, కవరింగ్ లెటర్ రాసి, స్వయంగా మెంబర్ సెక్రటరీ ఇందుమతి గారి గదికి తీసుకెళ్ళాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టదు, చదివాక అసలే పెట్టదు.

“మూలకర్తనని వీరు చెప్పుకొనుటకు ఆధారమేమిటి?” అన్నారు.

“చేతిరాత ఉందండీ. పిల్లల ఉత్తరాలున్నాయి, అన్నిటి మీదా ఈయన చిరునామానే.”

“ఉత్తరాలు చేరినవారందరూ మూలకర్తలైతే పోస్ట్‌మన్ సంగతేమిటి? మండలి దృష్టిలో నక్షత్ర పట్టా పరిజ్ఞానానికి ప్రామాణికం లెవెల్ వన్ ఒక్కటే. వారు దానికి హాజరై అర్హత సాధించిన యెడల, మూలకర్త అభ్యర్థిత్వాన్ని పరిశీలనకు స్వీకరించవచ్చు.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడే వచ్చి హాల్‌టికెట్ తీసుకున్నాడు.

భీమశంకరం గారు ఆ హాల్‌టికెట్ మడిచి రేకు పెట్టెలో పెట్టుకున్నారు. పదిహేను రోజుల తరవాత మళ్ళీ బస్సెక్కి వచ్చి, కుర్రగుమస్తాల మధ్య కూర్చుని మూడు గంటలు పరీక్ష రాశారు. వందకు ముప్ఫై ఒకటి వచ్చాయి. జవాబు పత్రం నేను చూశాను. ‘ప్రెస్సువారి ప్రకటనలోని తాత్త్విక అంతరార్థమును వివరింపుము’ అనే ఇరవై మార్కుల ప్రశ్నకు ఆయన ‘ఏమీ లేదు’ అని రాశారు. ‘నలభై ఏడవ నియమములోని గంభీరతను చర్చింపుము’ అన్నదానికి ‘అది నా పొరపాటు, అలా రాసి ఉండవలసినది కాదు’ అని రాశారు. రెండిటికీ సున్నాలు.

“రచయిత ఉద్దేశానికీ, ఈయన చెబుతున్నదానికీ ఎక్కడా పొంతన లేదు,” అని ఇందుమతి గారు విచారంగా తల ఊపారు. “మండలి రికార్డుల ప్రకారం వీరు మూలకర్త కారు. మూలకర్తను పోలిన వ్యక్తి. అయినప్పటికీ వయసు దృష్ట్యా, సాధారణ అర్జీదారుగా ఛైర్మన్ గారి ఎదుట పది నిమిషాలు అనుమతించవచ్చు.”

ఆ పది నిమిషాలు పెద్ద హాల్లోనే ఇచ్చారు, ఆట నడుస్తుండగానే. ఛైర్మన్ గారు చేతిలో ముక్కలు విసనకర్రలా పట్టుకుని కూర్చున్నారు. అవి ఆయన దగ్గరున్నవాటిలో ఏ మూలకీ రావు. ఇనప్పెట్టెలో ఇంకో పదకొండువందల నలభై ఉన్నాయి, అందులో సూర్యుళ్ళు రెండు.

“చెప్పండి పెద్దాయనా,” అన్నారు ఛైర్మన్ గారు, ముక్కల మీంచి చూపు తిప్పకుండా.

భీమశంకరం గారు రేకు పెట్టెలోంచి ఒక ఉత్తరం తీసి బల్ల మీద పెట్టారు. “తమదేనండీ ఇది. పేరు చూసి తెచ్చా.”

నీలం ఇంకు. ఐదో తరగతి చేతిరాత. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చదవగలిగాను. ‘గౌరవనీయులైన తాతగారికి, మీ ఆట చాలా బాగుంది. ఇది ఎప్పుడు అయిపోతుంది? మా అన్నయ్య విసుగొచ్చి నాతో ఆడటం మానేశాడు. తొందరగా చెప్పగలరు. ఇట్లు, నిడమర్తి శ్రవణ్‌కుమార్, ఐదవ తరగతి, బి సెక్షన్.’

ఛైర్మన్ గారు దాన్ని రెండుసార్లు చదువుకున్నారు. ఇందుమతి గారు గొంతు సవరించుకుని, “ఇది పెండింగ్ కరస్పాండెన్స్ కింద వస్తుంది సార్. నంబరు వేయిస్తాను,” అన్నారు. ఉత్తరం ఫైల్లోకి వెళ్ళిపోయింది.

“జవాబు తెచ్చాను,” అన్నారు భీమశంకరం గారు. పేజీ నా చేతికిచ్చి చదవమన్నారు. నేను చదివాను.

“గెలుపు విధానము. ప్రతి గ్రహపు ముక్క అడుగునను ఆ గ్రహముపై కాపురముండు అర్జీదారు పేరు కలదు. అనుమతులు పూర్తియైన వెంటనే సదరు గ్రహమును సదరు అర్జీదారునకు పట్టా చేసి, ముక్కను బల్ల నడుమ ఉంచవలెను. ఈ రీతిగా తన చేతనున్నవన్నియు ఇచ్చివేసి, వట్టి చేతులతో లేచి నిలబడినవాడే గెలిచినవాడు. చేత ముక్కలు మిగిలినవాడు ఓడినవాడు.”

ఎనిమిదిమందీ తమ చేతుల్లోకి చూసుకున్నారు. కొందరు ముక్కల్ని కళ్ళ దగ్గరికి పెట్టుకుని అడుగు అక్షరాలు వెతికారు. ఉన్నాయి. పాతికేళ్ళుగా ఉన్నాయి. బొమ్మల చుట్టూ అలంకారం అనుకున్నారు అందరూ. ‘అర్జీదారు: బుధగ్రహపు వేడి వెంకాయమ్మ.’ ‘అర్జీదారు: శుక్రుడి మీది మబ్బుల మస్తానయ్య.’ ఆ లెక్కన ఆ బల్ల దగ్గర గెలుపుకు కాస్త దగ్గరగా ఉన్నది, చేతిలో అందరికన్నా తక్కువ ముక్కలున్న కారుణ్య నియామకం అమ్మాయి ఒక్కతే. అందరికన్నా వెనకబడి ఉన్నది ఛైర్మన్ గారు.

“సార్,” అన్నారు ఇందుమతి గారు. “ఇది అమల్లోకి వచ్చిన పక్షంలో, మండలి యావత్తూ గత పదకొండు మాసాలుగా ఓడిపోతూ వచ్చినట్టు మినిట్స్‌లో నమోదు చేయవలసి వస్తుంది. అదీగాక, ఆట ముగిసే అవకాశం ఉన్నట్లయితే, ముగిసిన ఆటకు పరిరక్షణ ఎందుకని ఆర్థిక శాఖ కొర్రీ వేయవచ్చు.”

ఛైర్మన్ గారు చేతిలో ముక్కలు లెక్కపెట్టుకున్నారు. లెక్కపెట్టి తీర్మానం చెప్పారు. నూట పదమూడో పేజీని మండలి సగౌరవంగా స్వీకరిస్తోంది. లోకంలో ఒకే ఒక్క ప్రతి ఉన్నందున దాన్ని నాలుగువందల పదమూడో ముక్కగా, సూర్యుడికన్నా అరుదైనదిగా ప్రకటిస్తోంది. అద్దం పెట్టెలో, హాలు గోడకు బిగించి భద్రపరుస్తుంది. వెలుతురు తగిలి అక్షరాలు వెలిసిపోకుండా, రాసిన వైపు గోడకేసి ఉంచాలి. అర్జీదారుకు ధన్యవాదాలు.

అందరూ చప్పట్లు కొట్టారు. భీమశంకరం గారు రేకు పెట్టె మూతపెట్టుకుని బయటికి నడిచారు.

నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళలో ఎన్నో కాగితాలు గోడకేసి తిప్పి పెట్టాను గానీ, ఆ కాగితం తెచ్చిన మనిషి మెట్లు దిగుతుంటే వెనక నిలబడి చూడటం ఎప్పుడూ జరగలేదు. గబగబా కిందికి వెళ్ళాను. కక్ష్య మార్పు అనుమతి కూడా తీసుకోలేదు. ఆయన క్యాంటీన్ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మంచినీళ్ళు తాగుతున్నారు.

“ఇన్నాళ్ళకు జవాబిచ్చానండీ,” అన్నారు నన్ను చూసి. “పుచ్చుకునేవాళ్ళు లేరు.”

“మీ దగ్గర ముక్కలున్నాయా?” అన్నాను.

ఉత్తరాల అడుగున ఉన్నాయి. మొట్టమొదట అట్టముక్కల మీద ఆయన చేత్తో గీసుకున్నవి. చెరో పద్దెనిమిది పంచారు. రెండు టీలు చెప్పి ఆటకు కూర్చున్నాం.

మొదట్లో నా చెయ్యి రాలేదు. శనిగ్రహానికి అన్ని అనుమతులూ వచ్చాయి, హద్దులు తేలాయి, పక్కవాళ్ళ సమ్మతి ఉంది. అయినా ఇంకో వంతు చూద్దాంలే అని దాచుకున్నాను. “అన్నీ వచ్చినయ్యిగా, ఇచ్చెయ్యండి. ఎందుకు పట్టుకోవటం?” అన్నారాయన. నిజమే, ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. అలవాటు. శనిని వలయాల వీరాస్వామికి ఇచ్చేశాను. బుధుణ్ణి వేడి వెంకాయమ్మకు ఇచ్చేశాను. ఒకటి ఇచ్చేకొద్దీ ఇంకోటి తేలికైంది. ఆయన సర్వేయర్‌ను సెలవు మీద పంపి నన్ను మూడు వంతులు ఆపారు. నేను ఉల్కలు కురిపించి ఆయన శిస్తు ఆపాను. ఇద్దరం నవ్వుకున్నాం. పదకొండు నెలల్లో ఆ భవనంలో ఆ ఆట ఆడుతూ ఎవరైనా నవ్వగా నేను వినలేదు.

యాభై నిమిషాలకు నా చేతిలో ఒకే ఒక్క ముక్క ఉంది. వరుణగ్రహం, అర్జీదారు నీళ్ళ నీలకంఠం. దాన్ని బల్ల మధ్యలో పెట్టి, వట్టి చేతులతో లేచి నిలబడ్డాను. ఆయన చేతిలో ఇంకా రెండు మిగిలాయి. ఆయన ఆ రెండింటినీ చూసుకున్నారు, బల్లంతా ఒకసారి చూశారు. కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

“అయిపోయింది,” అన్నారు.

ఈ సంగతి ఎవరు చేరవేశారో చెప్పనక్కర్లేదు. గురుత్వాకర్షణ అధికారికి అదొక్కటే పని. పావుగంటలో ఇద్దర్నీ పైకి పిలిచారు. ఇందుమతి గారు నా మెమో అప్పటికే టైపు చేయించారు. ‘కార్యాలయ వేళలయందు, క్యాంటీను ఆవరణలో, ఎట్టి అనుమతి లేకుండా, సదరు ఆటను పూర్తి చేసినందులకు మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.’

“దీనికో మార్గముంది,” అన్నారావిడ, కాస్త మెత్తగానే. “మీరు ఆ ఆఖరి ముక్కను వెనక్కి తీసుకోండి. ఆట పూర్తి కాలేదనీ, తాత్కాలికంగా నిలుపుదల చేయబడిందనీ ఇద్దరూ ఈ కాగితం మీద సంతకం చేయండి. యథాతథ స్థితి నెలకొంటుంది. మెమో వెనక్కి తీసుకుంటాం. లేకపోతే మీ రిటైర్మెంటు ముందు ఇదొక మచ్చ.”

నాకు భయం వేయలేదంటే అబద్ధం. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టి పైకొచ్చినవాణ్ణి. పెన్ను తీశాను. పక్కనున్న మనిషి మొహం చూశాను. కాగితం ఆయన వైపు జరిపాను.

“ముందు మీరు,” అన్నాను.

భీమశంకరం గారు కళ్ళజోడు తుడుచుకుని ఆ కాగితం ఆసాంతం చదివారు. టైపు చేసిన నాలుగు వరుసల మీద అడ్డంగా ఒక గీత గీశారు. కింద గుండ్రటి అక్షరాలతో రాశారు. ‘ఆట అయిపోయినది. నేను ఓడిపోయినాను. ఉప్పుటూరి భీమశంకరం.’ తేదీ వేశారు.

“ఈ ఆటలో ఓడిపోయిన మొదటి మనిషిని నేనేనండీ,” అన్నారు నాతో. ఆ మొహంలో అంత సంతోషం అంతకుముందు నేను చూడలేదు. దాని కింద నేను ‘గెలిచినాను’ అని రాసి సంతకం పెట్టాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

ఇందుమతి గారు కాగితాన్ని ఛైర్మన్ గారి ముందు పెట్టి, “ఇది రికార్డుకు పనికిరాదు సార్,” అన్నారు. ఆయన దాన్ని కూడా రెండుసార్లు చదువుకున్నారు. టైము ఆరు దాటింది. బల్ల చుట్టూ మిగతా ఏడుగురూ ముక్కలు పట్టుకుని తమ వంతుకోసం చూస్తున్నారు. భీమశంకరం గారు రేకు పెట్టె చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళారు.

“తాతగారూ,” అన్నారు ఛైర్మన్ గారు.

ఆయన ఆగారు.

“ఓడిపోతే... ఆ తరవాత ఏం చెయ్యాలండీ?”

భీమశంకరం గారు వెనక్కి తిరిగి ఆయన చేతిలో ముక్కల వైపు చూశారు.

“ఏముంది బాబూ. ఇంటికెళ్ళి అన్నం తినటమే.”